గల్ఫ్‌కు పోయేముందు గుప్పెడు హిందీ

(విదేశాలకు పోవడానికి సిద్ధమవుతున్న రైతు కుటుంబాల యువకులతో, వారి తల్లిదండ్రులతో హైదరాబాద్ పాతబస్తీ సంతోష్‌నగర్‌లో మన సంఘం జరిపిన సమావేశంలోని ప్రసంగ పాఠం)



రైతు సంఘం మీటింగ్ అంటే గిట్టుబాటు ధర, విత్తనాలు, కరెంటు, పంటల బీమా గురించి మాట్లాడతారని అనుకుంటారు. ఈరోజు మేము హిందీ గురించి మాట్లాడబోతున్నాం. దేశం దాటేముందు కొంచెం హిందీ నేర్చుకోవాలని చెప్పబోతున్నాం. ఇది రైతు సంఘం పనేనా అని ఇక్కడే కొందరు అడిగారు. ముందు దానికే జవాబు చెప్పుకుందాం.

మన దగ్గర ఒక మాట ఉంది. తెలంగాణ పల్లెకు మూడే దారులు: బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి. ఊరి బాయిల నీళ్లుంటే ఈ మూడూ అవసరం పడేవి కావు. బోరు వేస్తే నీళ్లు పడలేదు. ఇంకో బోరుకు అప్పు తెచ్చారు. అదీ ఎండిపోయింది. ఆ అప్పు తీర్చడానికి కొడుకును దుబాయికి పంపాలనుకున్నారు, పంపడానికి మళ్లీ అప్పు చేశారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ వైపు ఈ కథ నలభై, యాభై ఏండ్ల నుంచి నడుస్తున్నది. రాజంపేట, రాయచోటి వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు, మస్కట్‌కు పోయేవాళ్లు తక్కువేమీ లేరు. ఇప్పుడు మన సాగర్ రోడ్డు మీద, ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, దేవరకొండ ఊళ్ల పిల్లలు కూడా అదే దారి పట్టారు. కాబట్టి గల్ఫ్‌కు పోయేవాడు వేరే మనిషి కాదు. పంట మునిగిన రైతే, లేకుంటే ఆ రైతు కొడుకే. ఇక్కడ పొలం గట్టు మీద అతని హక్కు అడిగే సంఘం, అక్కడ కూడా తన హక్కు తాను అడగగలిగేటట్టు అతన్ని తయారుచేయాలి. నోట మాట లేనివాడు హక్కు అడగలేడు.

అరబ్బు దేశానికి హిందీ ఎందుకు?

పోయేది అరబ్బు దేశానికైతే అరబీ నేర్చుకోవాలి గాని హిందీ ఎందుకు అని అడుగుతారు. సరైన ప్రశ్నే. కానీ అక్కడ పని ఎట్లా నడుస్తుందో చూడండి. కంపెనీ యజమాని అరబ్బు. అతను మన కూలివానికి నెలకొకసారి కూడా కనబడడు. రోజూ కనబడేది ఫోర్‌మన్, సూపర్‌వైజర్, క్యాంపు బాస్, డ్రైవర్, మెస్‌లో వంటమనిషి. వీళ్లు ఎక్కడివాళ్లు? పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, కేరళ. ఇంతమందిని కలిపే మాట హిందీ. ఉర్దూ అన్నా అదే. లిపి వేరు గాని నోటి మాట దాదాపు ఒకటే. గదిలో ఎనిమిది మంది ఉంటే ఎనిమిది మందికీ ఎంతో కొంత వచ్చిన భాష అది. కిరాణా దుకాణంలో సరుకు, డబ్బులు పంపే ఎక్స్ఛేంజ్‌లో లెక్క, బస్సులో సీటు, ఆస్పత్రిలో వరుస అన్నీ దానితోనే నడుస్తాయి.

దీని వెనుక పాత చరిత్ర కూడా ఉంది. చమురు పడకముందు ఆ ఓడరేవుల వ్యాపారమంతా బొంబాయితోనే. మన రూపాయే అక్కడ చలామణి అయ్యేది. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమే వేరే రంగు నోట్లు అచ్చువేసింది. కువైట్ 1961లో, బహ్రెయిన్ 1965లో, ఖతార్, దుబాయి 1966లో, ఒమన్ 1970లో సొంత నాణేలకు, నోట్లకు మారాయి. డబ్బు నడిచిన చోట దాని వెంట మాట కూడా నడిచింది. అందుకే అక్కడి ముసలి దుకాణదారులకు కూడా హిందీ కొంత తెలుస్తుంది.

మన పహాణీలో ఉన్న హిందీ

మనలో చాలామందికి హిందీ అంటే భయం. ఆరో తరగతిలో మొదలుపెట్టి, పదో తరగతిలో ఇరవై మార్కులొస్తే చాలని చదివినవాళ్లం. 'కా, కీ, కే' అంటేనే చెమటలు పట్టేవి. కానీ బడి హిందీ వేరు, బతుకు హిందీ వేరు. రైతుకు తెలియకుండానే అతని నోట్లో ఎంతో హిందీ, ఉర్దూ ఉన్నాయి.

నైజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. అందుకే మన భూమి కాగితాలన్నీ ఆ మాటలతోనే నిండిపోయాయి. జమాబందీ, తహసీల్దార్, రసీదు, వసూలు, బకాయి, జప్తు, జమానత్, దస్తావేజు, వకీలు, ఖరీఫ్, రబీ. వీటిలో ఏ మాటకైనా మనకు అర్థం చెప్పాలా? మార్కెట్‌యార్డులో మూటలు మోసే హమాలీ మాట అరబ్బుల దగ్గరి నుంచి వచ్చింది. మన సంఘం పేరులో ఉన్న 'రైతు' మాట కూడా అక్కడిదే. అరబీలో 'రఅయ్యత్' అంటే పాలకుని కింద ఉండే ప్రజ, అంతకంటే ముందు కాపరి కింద ఉండే మంద. అది హిందుస్తానీలో రయ్యత్ అయి, మన దగ్గరికొచ్చి రైతు అయింది. మంద అనే మాటను తలెత్తుకునే మాటగా మార్చింది మన రైతు ఉద్యమాలు. అరబ్బు దేశంలో గొర్లు కాయడానికి పోయే పిల్లవాడు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అంటే మనం సున్నా నుంచి మొదలుపెట్టడం లేదు. గంపెడు మాటలు మన దగ్గర ఉన్నాయి. వాటిని వాక్యంలో పెట్టడం నేర్చుకుంటే చాలు.

ఒకటే మాట, వేరే అర్థం

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. చెవికి మనదే అనిపించి, అర్థం వేరే ఉండే మాటలు కొన్ని ఉన్నాయి. అసలు నష్టం వీటితోనే.

మొదటిది తనఖా. మనకు తనఖా అంటే భూమి కుదువపెట్టడం. హిందీలో 'తన్‌ఖ్వాహ్' అంటే జీతం. మాట్లాడేటప్పుడు రెండూ ఒకటే తీరుగా వినబడతాయి. మన బతుకు చూడండి. ఇక్కడ తనఖా పెట్టి, అక్కడ తన్‌ఖా కోసం పోతున్నాం. ఆ జీతం రాకపోతే ఈ భూమి పోతుంది. ఈ రెండు మాటల నడుమనే మన కుటుంబాలు వేలాడుతున్నాయి.

రెండోది మాఫీ. మనకు మాఫీ అంటే రుణమాఫీ, కట్టక్కర్లేదని. హిందీలో క్షమాపణ. గల్ఫ్‌లో అరబ్బులు 'మాఫీ' అంటే 'లేదు' అని అర్థం. 'ఫులూస్ మాఫీ' అంటే డబ్బులు మాఫీ అయ్యాయని కాదు, డబ్బులు లేవని. 'షుగల్ మాఫీ' అంటే పని లేదని. మాఫీ మాట విని సంతోషపడితే పని చెడుతుంది.

మూడోది వాయిదా. మనకు వాయిదా అంటే గడువు, లేకుంటే పని వెనక్కి జరపడం. హిందీలో 'వాదా' అంటే ఇచ్చిన మాట, ప్రమాణం. మేనేజర్ 'మేరా వాదా హై' అంటే వాయిదా వేస్తున్నానని కాదు, మాటిస్తున్నానని. అయితే అతని మాట నమ్మి ఊరుకోకుండా కాగితం మీద రాయించుకోవాలి.

ఇంకా ఉన్నాయి. హిందీలో 'అవకాశ్' అంటే సెలవు, 'శిక్షా' అంటే చదువు. మేము ఇప్పుడిచ్చే ఈ ఉపన్యాసం హిందీలో 'ఉపన్యాస్' అయితే నవల అవుతుంది. మరీ అంత పొడుగు చేయం, భయపడకండి. 'చక్కర్' అంటే కళ్లు తిరగడం. తెలంగాణలో మనం కూడా చక్కరొచ్చిందంటాం కాబట్టి ఇది మనకు సులువు. దాన్ని చక్కెర అనుకోకుంటే చాలు.

'కల్' మాట గట్టిగా పట్టుకోవాలి. కల్ అంటే నిన్న కూడా అవుతుంది, రేపు కూడా అవుతుంది. ఎట్లా తెలుసుకోవాలి? వాక్యం చివర చూడాలి. చివర 'గా' వినబడితే జరగబోయేది, 'థా' వినబడితే జరిగిపోయినది. 'కల్ పైసా ఆయేగా' అంటే రేపొస్తుంది. 'కల్ పైసా ఆయా థా' అంటే నిన్న వచ్చింది. మన జీతం నిన్న వచ్చిందా, రేపొస్తుందా అన్నది ఆ చివరి అక్షరం మీద ఉంది.

లెక్క ముందు, వ్యాకరణం తర్వాత

మేము పెట్టబోయే తరగతుల్లో మొదటి పాఠం అక్షరాలు కాదు, లెక్కలు. ఎందుకంటే కూలివాణ్ని మోసం చేసేది లెక్కలోనే.

తెలుగులో ఇరవై తెలిస్తే ఇరవై ఒకటి, ఇరవై రెండు మనమే కట్టుకోవచ్చు. హిందీలో నూరు దాకా ప్రతి అంకెకూ వేరే రూపం ఉంది. ఇక్కీస్, బాయీస్, తేయీస్, చౌబీస్. బట్టీ పట్టాల్సిందే. ఒక చిన్న కిటుకు చెబుతాం. 'ఉన్' తో మొదలైతే తర్వాతి పదికి ఒకటి తక్కువ. తీస్ అంటే 30, ఉన్తీస్ అంటే 29. చాలీస్ అంటే 40, ఉన్తాలీస్ అంటే 39. పచాస్ అంటే 50, ఉన్చాస్ అంటే 49. 79 దాకా ఇట్లాగే నడుస్తుంది.

తర్వాత పావులు, అరలు. సవా అంటే పావు ఎక్కువ. డేఢ్ అంటే ఒకటిన్నర. ఢాయీ అంటే రెండున్నర. సాఢే అంటే అర ఎక్కువ. పౌనే అంటే పావు తక్కువ. జీతం మాటలన్నీ వీటితోనే నడుస్తాయి. సవా సౌ అంటే 125. డేఢ్ సౌ అంటే 150. ఢాయీ సౌ అంటే 250. 'సాఢే నౌ సౌ' అంటే 950, 'పౌనే నౌ సౌ' అంటే 875. రెండింట్లోనూ 'నౌ సౌ' వినబడింది కదా అని తల ఊపితే నెలకు 75 రియాళ్లు తేడా పడుతుంది. ఏడాదికి 900. రెండేండ్ల కాంట్రాక్టుకు 1,800 రియాళ్లు. ఒక్క మాట తెలియనందుకు దాదాపు రెండు నెలల కష్టం పోయినట్టే.

ఇరవై వాక్యాలు

లెక్కల తర్వాత నోటికి రావాల్సినవి ఇరవై వాక్యాలు. అన్నీ ఇప్పుడే చెప్పం, కొన్ని చెబుతాం. మీరు కూడా మాతో పాటు అనండి.

పని గురించి: 'మేరీ తన్‌ఖ్వాహ్ కిత్నీ హై?' నా జీతమెంత? 'ఖానా కంపెనీ కా హై యా అప్నా?' తిండి కంపెనీదా, సొంతమా? 'ఓవర్‌టైమ్ కా పైసా అలగ్ మిలేగా?' ఓవర్‌టైమ్ డబ్బులు వేరే ఇస్తారా? 'ఛుట్టీ కబ్ హై?' సెలవు ఎప్పుడు?

కాగితం గురించి: 'ఇస్ కాగజ్ మే క్యా లిఖా హై? పఢ్‌కే సునాఇయే.' ఈ కాగితంలో ఏముంది, చదివి వినిపించండి. 'సమఝ్ మే నహీ ఆయా, ఫిర్ సే బోలియే.' అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి. 'బినా సమఝే దస్తఖత్ నహీ కరూంగా.' అర్థం కాకుండా సంతకం చేయను. ఈ మూడో వాక్యం ఒక్కటి వచ్చినా ఈరోజు మనం ఇక్కడ కూర్చున్నందుకు ఫలితం దక్కినట్టే.

ఒంటి గురించి: 'ఛాతీ మే దర్ద్ హై' అంటే ఛాతీలో నొప్పి. 'చక్కర్ ఆ రహా హై' అంటే కళ్లు తిరుగుతున్నాయి. 'సాంస్ నహీ ఆ రహీ' అంటే ఊపిరి ఆడడం లేదు. 'పానీ చాహియే, ఛావ్ మే బైఠ్‌నా హై' అంటే నీళ్లు కావాలి, నీడలో కూర్చోవాలి. ఎండలో పనిచేసేవాడికి ఇవి ప్రాణం నిలబెట్టే మాటలు. దుబాయి ఉన్న ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించకూడదని నియమం ఉంది. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు నిషేధం. నియమం ఉన్న సంగతి తెలియాలి, దాన్ని అడగడానికి మాట కూడా రావాలి. రెండింట్లో ఏ ఒక్కటి లేకపోయినా లాభం లేదు.

మర్యాద సంగతి కూడా చెప్పుకోవాలి. మనకు మీరు, నువ్వు ఉన్నట్టే అక్కడ ఆప్, తుమ్, తూ ఉన్నాయి. కొత్తవాళ్లతో ఆప్ అనే మాట్లాడండి. వయసులో పెద్దవాణ్ని తూ అంటే మనం రెచ్చగొట్టినట్టు అవుతుంది. అట్లాగని ఆప్ అన్నంత మాత్రాన తల వంచినట్టు కాదు. 'ఆప్' అంటూనే 'దస్తఖత్ నహీ కరూంగా' అనవచ్చు.

సంతోష్‌నగర్ ఒక బడి

ఈ మీటింగ్ ఊళ్లో పెట్టకుండా సంతోష్‌నగర్‌లో ఎందుకు పెట్టామంటే, హిందీ నేర్చుకోవడానికి ఫీజు లేని బడి ఇదే. సైదాబాద్, ఐఎస్ సదన్, చంపాపేట, చాంద్రాయణగుట్ట ఎటు పోయినా నాలుగు అడుగులకొకచోట ఈ భాష వినబడుతుంది. మాదన్నపేట మార్కెట్‌కు మన ఊళ్ల టమాటా, వంకాయ, ఆకుకూర వస్తాయి. అక్కడ బేరమాడండి. ఛాయ్ హోటల్లో కూర్చుని వినండి. ఈ బస్తీల్లో గల్ఫ్‌లో పదేండ్లు, ఇరవై ఏండ్లు పనిచేసి వచ్చిన పెద్దమనుషులు ఎంతోమంది ఉన్నారు. చాంద్రాయణగుట్ట దగ్గరి బార్కస్‌లో ఉన్నవాళ్ల తాతముత్తాతలైతే నైజాం ఫౌజులో చేరడానికి యెమెన్ నుంచి వచ్చినవాళ్లు. అరబ్బు దేశం నుంచి ఇక్కడికి బతకవచ్చినవాళ్లూ ఉన్నారు, ఇక్కడి నుంచి అక్కడికి బతకబోయేవాళ్లూ ఉన్నారు. సలాం చెప్పి, చాచా అని పిలిచి అడిగితే చెప్పనివాళ్లు ఉండరు. ఎన్నికలప్పుడు మనల్ని విడదీసి మాట్లాడేవాళ్లు ఈ సంగతి చెప్పరు గాని, గల్ఫ్ క్యాంపులో మన పిల్లవానికి జ్వరమొస్తే గంజి కాచిపెట్టేది ఏ మతంవాడైనా కావచ్చు. ఆ దోస్తీ ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.

ఒక హెచ్చరిక మాత్రం. పాతబస్తీ మాట దక్కనీ. 'నక్కో' అంటే వద్దు, 'హౌ' అంటే అవును, 'కైకు' అంటే ఎందుకు. ఇవి ఇక్కడ తియ్యగా ఉంటాయి. బీహార్ మనిషికి, నేపాల్ మనిషికి అర్థం కావు. అక్కడ 'నహీ చాహియే', 'హా', 'క్యో' అనాలి. హైదరాబాద్‌లో 'పరసో' అంటే మొన్న కావచ్చు, పోయిన నెల కావచ్చు, పోయిన సంవత్సరం కూడా కావచ్చు. బయట పరసో అంటే కచ్చితంగా మొన్న, లేకుంటే ఎల్లుండి. జీతం తారీఖు చెప్పేటప్పుడు హైదరాబాద్ పరసో పనికిరాదు.

హిందీ చేయలేని పని

హిందీ వస్తే అన్నీ సర్దుకుంటాయని మేము చెప్పడం లేదు. మాట నోటికి సంబంధించినది. కోర్టులో నిలబడేది కాగితం. గల్ఫ్ దేశాల్లో కాంట్రాక్టుపై వివాదం వస్తే సాధారణంగా అరబీ ప్రతినే చూస్తారు. కాబట్టి విమానం ఎక్కకముందే ఇక్కడ చూసుకోవాల్సిన కాగితాలు ఉన్నాయి.

పదో తరగతి పాస్ కానివాళ్లకు వచ్చే పాస్‌పోర్టు ఈసీఆర్ పాస్‌పోర్టు. అది ఉన్నవాళ్లు గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. దాన్ని తప్పించడానికి విజిట్ వీసా మీద పంపుతామని దళారి అంటాడు. ఒప్పుకోవద్దు. విజిట్ వీసా మీద పనిచేస్తే చట్టం కళ్లకు మీరు కార్మికులే కాదు, దొరికితే నేరస్తులు. ఏజెంటు లైసెన్సు ఉన్నవాడో కాదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగిన సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా ఉంది. రెండేండ్లకు ప్రీమియం 275 రూపాయలే. అది కట్టిన కాగితం ఇంట్లో పెట్టిపోవాలి.

ఇప్పుడు మన లెక్క మనం వేసుకుందాం. దళారి లక్షన్నర అడిగాడు. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చారు. నెలకు మిత్తే 4,500. ఏడాదికి 54,000. రెండేండ్లకు 1,08,000. అసలు ముట్టకుండానే ఇంత. దానికి భూమి తనఖా. చట్టం చెప్పిన 35,400 ఎక్కడ, ఈ లక్షన్నర ఎక్కడ? పావులు, అరలు హిందీలో నేర్చుకునే ముందు ఈ లెక్క తెలుగులో వేసుకోవాలి.

ఆడబిడ్డల సంగతి వేరే చెప్పాలి. ఇండ్లలో పనికి పోయే అక్కచెల్లెండ్లకు క్యాంపు ఉండదు, తోటివాళ్లు ఉండరు. నాలుగు గోడల మధ్య ఒక్కరే. వారికి హిందీతో పాటు అరబీ మాటలు కొన్ని కచ్చితంగా రావాలి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో పనికి పోవడానికి ఆడవాళ్లకు 30 ఏండ్లు నిండాలన్న నియమం ఉంది. వయసు ఎక్కువ రాయించి పంపుతామన్న దళారిని ఇంటి గడప తొక్కనివ్వద్దు. తమ్ముళ్లలో ఎడారిలో గొర్ల దగ్గరికి, ఒంటెల దగ్గరికి పోయేవాళ్ల పరిస్థితి కూడా ఇంతే. సౌదీలో ఇంటి పనివాళ్లను, గొర్ల కాపరుల వంటివాళ్లను అక్కడి కార్మిక చట్టం నుంచి విడిగా ఉంచారు. వీసా మీద ఏ పని రాసి ఉందో చదివించుకోకుండా కదలవద్దు.

రెండు అభ్యంతరాలు

ఒక అభ్యంతరం: 'మీరు హిందీ నేర్పి పిల్లలను ఊరు విడిచి పొమ్మంటున్నారు. వ్యవసాయం నిలబెట్టాల్సిన సంఘం ఇట్లా చేయవచ్చా?' మేము ఎవరినీ పొమ్మనడం లేదు. నీళ్లు, ధర, కౌలుదారుకు గుర్తింపు, తక్కువ మిత్తికి అప్పు ఉంటే ఇందులో సగం మంది పోరని మా నమ్మకం. వాటి కోసం పోరాటం ఆపేది లేదు. కానీ వానలు పడేదాకా, ధర వచ్చేదాకా ఆకలి ఆగదు. పోయేవాడు పోతూనే ఉన్నాడు. వాణ్ని మూగవానిలాగ పంపడం కన్నా మాట నేర్పి పంపడం మేలు.

రెండోది: 'హిందీని మన మీద రుద్దుతున్నారని ఒకపక్క గొడవ జరుగుతుంటే మీరే నేర్పడమేంది?' రుద్దడం వేరు, నేర్చుకోవడం వేరు. మన బ్యాంకులో, మన పోస్టాఫీసులో తెలుగు ఫారం లేకపోతే అది అన్యాయం, దాని మీద కొట్లాడతాం. కానీ కార్మికుడు తన అవసరానికి ఇంకో కార్మికుని భాష నేర్చుకుంటే అది ఎవరి పెత్తనమూ కాదు. 2020 నవంబర్ నుంచి ఏడాదికి పైగా ఢిల్లీ సరిహద్దుల్లో సింఘు, టిక్రి దగ్గర రైతులు కూర్చున్నారు. మూడు చట్టాలు వెనక్కి పోయాయి. దక్షిణాది నుంచి మద్దతుగా పోయినవాళ్లు పంజాబ్, హర్యానా రైతులతో మాట్లాడింది ఈ విరిగిన హిందీలోనే. విరిగిన హిందీతో కూడా మనుషులు కలుస్తారు. వ్యాకరణం తప్పిందని ఏ రైతూ ఇంకో రైతును వెనక్కి పంపలేదు.

సంఘం చేయబోయేది, ప్రభుత్వాన్ని అడిగేది

గల్ఫ్ కార్మికుని మాట సంఘటితంగా వినబడితే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాం. 2020 సెప్టెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం గల్ఫ్‌కు పోయే మన కార్మికుల కనీస రిఫరల్ వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తూ ఉత్తర్వులిచ్చింది. తెలంగాణలో గల్ఫ్ కార్మికుల సంఘాలు దాన్ని ఎదిరించాయి. హైకోర్టులో కేసు పడింది. 2021లో ఆ ఉత్తర్వులను వెనక్కి తీసుకున్నారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుని కుటుంబానికి 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. అది కూడా అడగ్గా అడగ్గా వచ్చిందే. అయితే చనిపోయిన తర్వాత ఇచ్చే సాయం ఒక్కటే సరిపోదు. బతికి తిరిగిరావడానికి కావాల్సింది ముందే ఇవ్వాలి.

అందుకని మా కోరికలు ఇవి. విదేశాంగ శాఖ పోయేముందు ఇచ్చే అవగాహన శిక్షణ ఒక్కరోజుతో ముగుస్తున్నది. దాన్ని కనీసం పదిహేను రోజులు చేయాలి, అందులో పని హిందీ, పని అరబీ నేర్పాలి, తెలుగులో నేర్పాలి. కాంట్రాక్టు తెలుగు అనువాదం చేతికివ్వకుండా ఎవరినీ విమానం ఎక్కించవద్దు. ఎక్కువ మంది పోయే మండలాల్లో ఈ శిక్షణ మండల కేంద్రంలోనే జరగాలి. పాలమూరు, నల్లగొండ పిల్లలు హైదరాబాద్‌లో గది కిరాయి కట్టుకుని పడి ఉండే గతి తప్పాలి.

ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోం. వచ్చే ఆదివారం నుంచి నాలుగు ఆదివారాలు సాయంత్రం ఇదే చోట తరగతులుంటాయి. మొదటి వారం లెక్కలు, రెండో వారం పని మాటలు, మూడో వారం ఆస్పత్రి, పోలీసు, ఎంబసీ మాటలు, నాలుగో వారం కాగితాలు చూడడం. నేర్పేది గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లు. ఫీజు లేదు. ఒక నోటుపుస్తకం, పెన్ను తెచ్చుకోండి. హిందీ మాటలు తెలుగు అక్షరాల్లోనే రాసుకోవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట. మీరు కూడా తరగతికి రండి. కొడుకు ఫోన్ ఎత్తకపోతే, అతని ఫోన్‌లో వేరేవాళ్లు మాట్లాడితే 'మేరా బేటా కహా హై? ఉస్‌సే బాత్ కరాఇయే' అని అడగడానికైనా మీకు ఆ నాలుగు మాటలు రావాలి. పాస్‌పోర్టు నకలు, వీసా నకలు, కాంట్రాక్టు నకలు, బీమా కాగితం, కంపెనీ పేరు, గదిలో ఉండే ఇంకో ఇద్దరి ఫోన్ నంబర్లు ఇంట్లో ఒక సంచిలో పెట్టుకోండి. ఏదైనా జరిగితే మదద్ వెబ్‌సైటులో ఫిర్యాదు చేయడానికి ఇవే కావాలి. మదద్ అంటే సాయం. ఇది కూడా మీరు నేర్చుకున్న ఇంకో హిందీ మాట.

తమ్ముళ్లారా, పేర్లు రాసేవాళ్లు తలుపు దగ్గర ఉన్నారు. పేరు, ఊరు, పోయే దేశం, పోయే పని చెప్పి రాయించుకోండి. కాంట్రాక్టు కాగితం చేతికి వచ్చినవాళ్లు ఇప్పుడే మా దగ్గరికి తీసుకురండి. అందరం కలిసి చదువుదాం.